మా విద్యార్థుల ప్రతిపాదనలు చదవండి, కారణం రాయండి

దేశంలో మనస్తత్వశాస్త్ర వార్షిక సదస్సులు నిర్వహిస్తున్న సంఘాల అధ్యక్ష కార్యదర్శులకు, కార్యక్రమ కమిటీల సభ్యులకు,



వచ్చే సదస్సుకు పత్రాలు ఆహ్వానిస్తూ మీరు ప్రకటన సిద్ధం చేసేలోపే ఈ ఉత్తరం మీ కంట పడాలని రాస్తున్నాను. తెలుగునాట ఒక విశ్వవిద్యాలయంలో ఎం.ఏ., ఎమ్మెస్సీ సైకాలజీ విద్యార్థులకు పాఠాలు చెబుతాను. వాళ్ల ప్రాజెక్టులకు గైడ్‌గా ఉంటాను. ఏటా మా పిల్లల్లో కొందరు మీ సదస్సులకు ప్రతిపాదనలు పంపుతారు. వాటికి మీ దగ్గర నుంచి వచ్చే జవాబుల గురించే ఈ విన్నపం. ఏ ఒక్క సంఘాన్నో వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు కాబట్టి ఎవరి పేరూ ఎత్తను. నేను అడిగేది ఒక్కటే. విద్యార్థి పంపిన ప్రతిపాదనను పూర్తిగా చదవండి. తీసుకున్నా, తిప్పి పంపినా, ఎందుకో రెండు మూడు వాక్యాల్లో రాయండి.

ఆ ప్రతిపాదన వెనక ఏముందో ముందు చెప్పనివ్వండి. మీ దగ్గరికి వచ్చేసరికి అది 250 లేదా 300 పదాల అబ్‌స్ట్రాక్ట్. నేపథ్యం, లక్ష్యం, పద్ధతి, ఫలితాలు, ముగింపు అంతా అందులోనే ఇమడాలి. దాన్ని పంపిన అమ్మాయి చాలాసార్లు డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదువుకున్నదై ఉంటుంది. పీజీ రెండో ఏడాదిలో ఒక ప్రశ్న ఎంచుకుంటుంది. ప్రశ్నావళి పట్టుకుని జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ అనుమతి కోసం వరండాలో పడిగాపులు కాస్తుంది. ఇంగ్లిషు స్కేలును తెలుగు చేసి, వేరొకరి చేత మళ్లీ ఇంగ్లిషులోకి మార్పించి, రెండూ సరిపోల్చుకుంటుంది. సమ్మతి పత్రం చదవలేని వాళ్లకు చదివి వినిపించి సంతకం తీసుకుంటుంది. స్కోరింగ్ చేసి, లెక్కలు కట్టి, గైడ్ చేత పదే పదే దిద్దించుకుని, ఆఖరి తేదీ రాత్రి పంపుతుంది. అప్పటిదాకా ఆ పనిని చదివిన వాళ్లందరూ ఆమెను ఎరిగిన వాళ్లే. మార్కులు వేసిన వాళ్లకు ఆమె హాజరు తెలుసు, నడవడి తెలుసు. ఆమె ఎవరో తెలియని సైకాలజిస్టు ఒకరు, కేవలం రాసిన మాటల్ని బట్టి ఆమె పనిని తూచే మొదటి సందర్భం మీ సదస్సే.

ఈ శాస్త్రం మన దేశంలో వేళ్లూనుకున్నదే ఇలాంటి సభల్లో. కలకత్తా విశ్వవిద్యాలయంలో 1916లో తొలి సైకాలజీ శాఖ ఏర్పడింది. 1923లో ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ మనస్తత్వశాస్త్రానికి ప్రత్యేక విభాగం ఇచ్చింది. ఆ మరుసటి ఏడే ఇండియన్ సైకలాజికల్ అసోసియేషన్ పుట్టింది. తరవాత 1968లో క్లినికల్ సైకాలజిస్టుల సంఘం, 1989లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైకాలజీ వచ్చాయి. ఒకరు చదివిన పత్రాన్ని మరొకరు విని, ప్రశ్నించి, సరిదిద్దడం వల్లే ఇవన్నీ నిలబడ్డాయి. ఆ అలవాటులో విద్యార్థికి దక్కాల్సిన వాటా తగ్గిపోతోందనే నా బాధ.

మా పిల్లలకు వస్తున్న జవాబులు ఎక్కువగా రెండు రకాలు.

మొదటిది, పంపిన మర్నాడే వచ్చే ఆమోదం. మీ పత్రం ఎంపికైంది, ఫలానా తేదీలోగా ఫీజు కట్టండి అని ఉంటుంది. పద్ధతి దగ్గర 120 మంది అని, ఫలితాల దగ్గర 112 మంది అని రాసిన అబ్‌స్ట్రాక్టుకు కూడా అదే మెయిల్ వస్తుంది. మిగతా ఎనిమిది మంది ఏమయ్యారని అడిగిన వాళ్లుండరు. కొన్నిచోట్ల ఫీజు రసీదు జతచేస్తేనే ప్రతిపాదనను పరిశీలిస్తామంటారు. అప్పుడు పరిశీలనకు అర్థమే ఉండదు. రెండో రకం జవాబు విచారం వ్యక్తం చేసే రెండు వాక్యాలు. చాలా ప్రతిపాదనలు వచ్చాయి, మీది ఎంపిక చేయలేకపోయాం, మళ్లీ ప్రయత్నించండి. దేన్ని మార్చి ప్రయత్నించాలో అందులో ఉండదు.

మొదటి జవాబు ఉదారంగా, రెండోది కఠినంగా కనిపిస్తాయి. విద్యార్థి వైపు నుంచి చూస్తే రెండూ ఒకటే. ఎవరూ చదవలేదన్న సంగతి రెండింటి నుంచీ ఆమెకు తెలిసిపోతుంది. తన శ్రమకూ వచ్చిన ఫలితానికీ సంబంధం లేదని తెలిసినప్పుడు ప్రాణి ఏం చేస్తుందో మనం క్లాసులో ఏటా చెబుతాం. 1967లో సెలిగ్మన్, మేయర్ కుక్కలపై చేసిన ప్రయోగం మన పాఠ్యపుస్తకాలన్నింటిలోనూ ఉంది. ఏం చేసినా షాక్ ఆగదని ఒకసారి నేర్చుకున్న కుక్కలు, తర్వాత తప్పించుకునే దారి ఉన్నా చాలావరకు కదలకుండా పడి ఉన్నాయి. విద్యార్థి బాధను ఆ బాధతో సమం చేయడం లేదు. పనికీ ఫలితానికీ మధ్య లంకె తెగితే ప్రయత్నం చచ్చిపోతుందన్న సూత్రం మన శాస్త్రానిదే అని గుర్తుచేస్తున్నాను. ఆ లంకెను నిలిపి ఉంచేది మీరు రాసే కారణమే.

లంకె తెగిన చోట ఏం పెరిగిందో మీ సారాంశ సంచికలు తిరగేస్తే కనబడుతుంది. ఒక స్కేలు, రెండు గ్రూపులు, ఒక టీ టెస్టు. బాలురు బాలికలు, గ్రామీణులు పట్టణవాసులు, ప్రభుత్వ కళాశాల ప్రైవేటు కళాశాల. ఆత్మవిశ్వాసంలో తేడా ఉందా, ఒత్తిడిలో తేడా ఉందా. ఆ తేడా ఎందుకు ఉండొచ్చో, ఉంటే ఏమిటో రాసే జాగా ఖాళీగా ఉంటుంది. ఈ మూసను విద్యార్థులు పుట్టించలేదు. నిరుడు అది ఎంపికైంది కాబట్టి ఈ ఏడు కూడా ఎంపికవుతుందని సీనియర్లు జూనియర్లకు అందిస్తున్నారు. దీనికి నియమాలూ కొంత తోడ్పడ్డాయి. 2016 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ థీసిస్ సమర్పించే ముందు సదస్సుల్లో రెండు పత్రాలు చదివి తీరాల్సి ఉండేది. దాంతో సర్టిఫికెట్ అవసరమైంది, సర్టిఫికెట్ ఇచ్చే సదస్సులూ అవసరమయ్యాయి. 2022 నిబంధనల్లో ఆ షరతు తీసేశారు. ఇది మీకు మంచి అవకాశం. సర్టిఫికెట్ కోసం రావాల్సిన పని తగ్గినప్పుడు, చదివించుకోవడానికి వచ్చే వాళ్లకు చోటు పెంచవచ్చు.

విద్యార్థి పని గదా, అంత శ్రద్ధ ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. మన ప్రాక్టికల్ రికార్డులే జవాబు చెబుతాయి. పీజీ ల్యాబులో ప్రతి బ్యాచ్ చేసే స్ట్రూప్ టెస్టు, 1935లో అచ్చయిన జాన్ రిడ్లీ స్ట్రూప్ డాక్టరేట్ పరిశోధన. అసంపూర్తిగా వదిలిన పనే ఎక్కువ గుర్తుంటుందన్న జైగార్నిక్ ప్రయోగం, బెర్లిన్‌లో కుర్ట్ లెవిన్ దగ్గర చదువుకున్న బ్లూమా జైగార్నిక్ 1927లో ప్రచురించిన విద్యార్థి పరిశోధన. అన్నిటికన్నా నేను తరగతిలో ఎక్కువగా చెప్పేది మేమీ ఫిప్స్ క్లార్క్ కథ. 1939లో వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఆమె మాస్టర్స్ విద్యార్థిని. నల్లజాతి చిన్నపిల్లలకు తమ జాతి గురించిన ఎరుక ఎప్పుడు, ఎలా కలుగుతుందన్నది ఆమె థీసిస్ విషయం. భర్త కెనెత్ క్లార్క్‌తో కలిసి ఆ ప్రశ్ననే బొమ్మల ప్రయోగాలుగా విస్తరించింది. జాతుల వారీగా వేరు బడులు రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1954లో ఇచ్చిన తీర్పు, తన 11వ అధస్సూచికలో కెనెత్ క్లార్క్ రచనను ఉదహరించింది. దాని మొదలు ఒక పీజీ విద్యార్థిని ప్రాజెక్టులో ఉంది. వీళ్ల పనిని ఎవరో ఒకరు కూర్చుని చదివారు, ప్రశ్నించారు, ఇంకాస్త ముందుకు వెళ్లమన్నారు.

మా విద్యార్థుల దగ్గర అలాంటి ప్రశ్నలు లేవనుకోకండి. 2008లో జెఫ్రీ ఆర్నెట్ అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారి ఆరు ప్రముఖ పత్రికలను పరిశీలించి, వాటిలో పరిశోధనకు లోనైన వాళ్లలో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాల వాళ్లని, 68 శాతం ఒక్క అమెరికా వాళ్లేనని చూపించారు. మిగిలిన మానవజాతి గురించి మన శాస్త్రానికి తెలిసింది తక్కువ. మన దేశంలో కూడా ఆ వెలితి ఉంది. 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో ఇంటింటికీ వెళ్లి వివరాలు సేకరించింది. ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మానసిక సమస్య ఉన్నా చికిత్స అందని వాళ్లు సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారని ఆ సర్వే తేల్చింది. మా ఊళ్లలో ఆ మాట ఎవరి ముఖాన ఎలా కనబడుతుందో చెప్పగలిగిన వాళ్లు ఆ ఊళ్ల నుంచే పీజీకి వస్తున్నారు.

జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన విద్యార్థికి గల్ఫ్ వెళ్లిన నాన్న ఫోను కోసం ఎదురుచూసే ఇల్లు తెలుసు. శ్రీకాకుళం పిల్లవాడికి ఉద్దానంలో కిడ్నీ జబ్బు మనిషిని డయాలసిస్‌కు తీసుకెళ్లి తీసుకొచ్చే భార్య అలసట తెలుసు. సిరిసిల్ల అమ్మాయికి మరమగ్గం ఆగిన రోజు ఇంట్లో ఉండే మౌనం తెలుసు. పోలవరం నిర్వాసితుల కాలనీలో పెరిగిన కుర్రాడికి కొత్త ఊళ్లో ముసలివాళ్లు ఎందుకు కుంగిపోతున్నారో చూచాయగా తెలుసు. ఇంటర్ రెసిడెన్షియల్ హాస్టల్లో రెండేళ్లు గడిపి వచ్చిన వాళ్లకు, ఫలితాల వారంలో ఏం భయం ఆవరిస్తుందో ఒకరు చెప్పక్కర్లేదు. దుర్గానంద్ సిన్హా 1969లో పల్లెల మీద పుస్తకం తెచ్చారు. మన సైకాలజీ పడమటి ప్రశ్నలనే తిరగరాస్తూ ఉండకూడదని దశాబ్దాల పాటు వాదించారు. మీ వేదికల మీద ఆయన పేరు గౌరవంతో తలుచుకుంటాం. ఆయన కోరిన ప్రశ్నలు ఇప్పుడు ఒక పీజీ విద్యార్థి సంకోచంతో రాసిన అబ్‌స్ట్రాక్టులో, తడబడే ఇంగ్లిషులో మీ దగ్గరికి వస్తున్నాయి. మూసలో ఒదగవు కాబట్టి అవే ముందు తిరిగి వెళ్తున్నాయి. మూసలో ఒదిగినవి లోపలికి వస్తున్నాయి.

ఇక నా విన్నపాలు వివరంగా రాస్తాను. వీటిలో ఏదీ డబ్బుతో ముడిపడినది కాదు, ఒక్క ఫీజు సంగతి తప్ప.

మొదటిది, ప్రతిపాదన చదివే వాళ్లకు విద్యార్థి పేరు, గైడ్ పేరు, కళాశాల పేరు కనబడనివ్వకండి. 1982లో డగ్లస్ పీటర్స్, స్టీఫెన్ సెసి ప్రచురించిన పరిశోధన మీకు తెలిసిందే. పేరున్న సంస్థల వాళ్లు రాసి అప్పటికే సైకాలజీ పత్రికల్లో అచ్చయిన 12 వ్యాసాలను తీసుకుని, రచయితల పేర్లు, సంస్థల పేర్లు మాత్రం కల్పితంగా మార్చి, అవే పత్రికలకు మళ్లీ పంపారు. మూడింటిని పాతవని గుర్తుపట్టారు. మిగిలిన తొమ్మిదింటిలో ఎనిమిదింటిని తిప్పి పంపారు. పరిశోధన పద్ధతిలో తీవ్ర లోపాలున్నాయన్నది వాళ్లు ఎక్కువగా చెప్పిన కారణం. ఆ పరిశోధన మీద చాలా చర్చ జరిగింది. అయినా, ఊరూ పేరూ లేని సంస్థ నుంచి వచ్చిన కాగితాన్ని మనం ఎలా చదువుతామన్న అనుమానాన్ని అది మన ఇంట్లోనే రేపింది. జిల్లా కేంద్రంలోని పీజీ సెంటర్ నుంచి పంపే పిల్లలకు ఆ అనుమానం నిత్యం ఉంటుంది. పేర్లు దాచి చదివితే ఆ అనుమానం పోతుంది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వార్షిక సదస్సులో పలు డివిజన్లు చాలాకాలంగా ఈ పద్ధతి పాటిస్తున్నాయి.

రెండోది, దేన్ని చూసి ఎంపిక చేస్తారో ఆహ్వాన ప్రకటనలోనే చెప్పండి. అయిదు అంశాలు చాలు. ప్రశ్న స్పష్టంగా ఉందా? ఆ ప్రశ్నకు ఎంచుకున్న పద్ధతి సరిపోతుందా? ఎవరిని, ఎంతమందిని, ఎలా ఎంపిక చేశారో చెప్పారా? సమ్మతి, గోప్యత వంటి నైతిక జాగ్రత్తలు తీసుకున్నారా? ముగింపు ఫలితాల పరిధి దాటకుండా ఉందా? ఇవి ముందే తెలిస్తే విద్యార్థి వాటిని చూసుకుని రాస్తుంది. మేము క్లాసులో వాటి మీదే సాధన చేయిస్తాం. మీ ప్రకటనే మాకు పాఠమవుతుంది.

మూడోది కారణం రాయడం. ఎలా రాయాలో కూడా మన శాస్త్రం చెప్పింది. 1996లో క్లూగర్, డెనిసీ 607 ఎఫెక్ట్ సైజులను కలిపి విశ్లేషించి, అభిప్రాయం చెప్పడం వల్ల సగటున పని మెరుగుపడుతుందని, అయితే మూడో వంతుకు పైగా సందర్భాల్లో పని ఇంకా దిగజారిందని చూపారు. మాట మనిషి మీదికి మళ్లేకొద్దీ దాని మేలు తగ్గుతుంది, పని మీద నిలిస్తే మేలు చేస్తుంది అన్నది వాళ్ల వివరణ. ‘మీ స్థాయి చాలదు’ అన్న మాట ఎవరికీ పనికిరాదు. ‘ఒత్తిడిని కొలిచిన స్కేలు పేరు రాయలేదు, హాస్టల్ విద్యార్థులను మాత్రమే తీసుకుని అందరు విద్యార్థుల గురించి ముగింపు ఇచ్చారు, ఈ రెండూ సరిచేసి మళ్లీ పంపండి’ అన్న మాట ఆమె గోడకు అంటించుకుంటుంది. ఎంపికైన వాళ్లకు కూడా కారణం కావాలి. ఏది బాగుందో తెలియకపోతే దాన్ని మళ్లీ చేయలేరు.

నాలుగోది, తేడా కనబడలేదన్న ఫలితాన్ని, ఇంకా ఫలితం రాని పనిని కూడా తీసుకోండి. గణాంకాల్లో ప్రాముఖ్యం తేలని అధ్యయనాలు సొరుగుల్లో మిగిలిపోతాయని రాబర్ట్ రోసెంతాల్ 1979లోనే హెచ్చరించారు. ఆ అలవాటు ఎక్కడికి తీసుకెళ్లిందో 2015లో బయటపడింది. ప్రచురితమైన 100 సైకాలజీ అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, మొదట 97 శాతంలో కనిపించిన గణాంక ప్రాముఖ్యం రెండోసారి 36 శాతంలోనే కనిపించింది. కోర్టెక్స్ పత్రిక 2013 నుంచి, ఫలితాలు రాకముందే ప్రశ్ననూ పద్ధతినీ చూసి వ్యాసాన్ని అంగీకరించే విధానం తెచ్చింది. మా విద్యార్థులకు ఇది ఎంతో అవసరం. మా దగ్గర పీజీ ప్రాజెక్టు నాలుగో సెమిస్టర్‌లో ఉంటుంది. చాలా సదస్సులు చలికాలంలో జరుగుతాయి, ప్రతిపాదనలకు గడువు అంతకు కొన్ని నెలల ముందే ముగుస్తుంది. అప్పటికి విద్యార్థి చేతిలో ప్రశ్న ఉంటుంది, పద్ధతి ఉంటుంది, డేటా ఉండదు. డేటా చేతికొచ్చి తర్వాతి సదస్సు వచ్చేసరికి కోర్సు అయిపోయి ఆమె ఎక్కడో ఉద్యోగంలో ఉంటుంది. ఫలితాలు తప్పనిసరి అన్నందువల్లే కొందరు తొందరపడి పది ఇరవై మందితో ‘ఫలితం’ తయారు చేస్తున్నారు. పద్ధతి దశలోని పనికి ఒక పోస్టర్ సెషన్ కేటాయించండి. డేటా సేకరించక ముందే అనుభవజ్ఞులు లోపం చూపిస్తే, ఆ ప్రాజెక్టు మొత్తం బాగుపడుతుంది.

అయిదోది భాష. సదస్సు ఇంగ్లిషులో జరగడం మీద నాకు పేచీ లేదు. ప్రతిపాదనలోని వ్యాకరణం చూసి ప్రశ్న విలువ కట్టవద్దన్నదే నా కోరిక. దిద్దగలిగిన తప్పును దిద్ది పంపమనండి. అలాగే పత్రం చదివిన తర్వాత ప్రశ్నలకు తెలుగులోనో, హిందీలోనో, తమకు వచ్చిన భాషలోనో జవాబిచ్చే వీలు కల్పించండి. సభలో ఆ భాష తెలిసిన వాళ్లు ఒకరైనా ఉంటారు. చెంచు గూడెంలో తల్లులతో తెలుగులో మాట్లాడి విషయం రాబట్టిన విద్యార్థి, ఆ సంగతి ఇంగ్లిషులో చెప్పలేక ‘థాంక్యూ సర్’ అని దిగిపోవాల్సిన అవసరం లేదు.

ఆరోది ఫీజు. ఎంపిక జరిగిన తర్వాతే ఫీజు తీసుకోండి. విద్యార్థి ఫీజు వేరుగా, తక్కువగా పెట్టండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుకునే పిల్లలు, ఎప్పుడొస్తుందో తెలియని స్కాలర్‌షిప్ మీద ఆశ పెట్టుకుని అప్పు చేసి రైలెక్కుతున్నారు. మంచి ప్రతిపాదన రాసి కూడా రాలేని వాళ్లకు ఆన్‌లైన్‌లో పత్రం చదివే వీలు ఇవ్వండి. కోవిడ్ కాలంలో సదస్సులన్నీ అలా నడిపాం, ఎలా చేయాలో మనకు తెలుసు.

ఏడోది, పిలిచిన వాళ్లను వినండి. ఒకే గంటలో పది పన్నెండు మందిని ఒక గదిలో పెట్టి, తలకు అయిదు నిమిషాలిచ్చి, తొందర చేసి పంపేస్తే ఆ ప్రయాణం వృథా. అంతకన్నా పోస్టర్ మేలు. ప్రతి పోస్టర్ దగ్గర ఒక సీనియర్ సైకాలజిస్టు పది నిమిషాలు నిలబడి ప్రశ్నలు అడిగేలా ముందుగానే కేటాయించండి. ముఖ్యమైన ఫలితాన్ని నడిమధ్యలో పెద్ద అక్షరాలతో పెట్టే కొత్త తరహా పోస్టర్‌ను 2019లో ప్రచారంలోకి తెచ్చిన మైక్ మోరిసన్ కూడా అప్పటికి సైకాలజీలో పీహెచ్‌డీ విద్యార్థే. సదస్సులు ఎలా నడవాలో విద్యార్థులు కూడా నేర్పగలరు.

చివరిది పేర్ల వరస. ప్రాజెక్టు విద్యార్థిదైతే ఆమె పేరే ముందుండాలి. డాక్టరల్ పరిశోధన ఆధారంగా వచ్చే రచనల్లో, అసాధారణ పరిస్థితులు తప్ప, విద్యార్థే ప్రధాన రచయిత కావాలని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నైతిక నియమావళి స్పష్టంగా చెబుతుంది. ప్రతిపాదన ఫారంలో ఎవరు ఏ పని చేశారో రాయించే ఒక గడి పెట్టండి. గైడ్ ముందు నోరు విప్పలేని విద్యార్థి తరఫున ఆ గడి మాట్లాడుతుంది.

మీరంతా జీతం లేకుండా, సొంత పనులు మానుకుని ఈ బాధ్యత మోస్తున్నారని నాకు తెలుసు. వందల ప్రతిపాదనలకు కారణాలు రాయడం అయ్యే పనేనా అంటారు. లెక్క వేసి చూద్దాం. ఒక సదస్సుకు 600 ప్రతిపాదనలు వచ్చాయనుకుందాం. ఒక్కొక్కటి ఇద్దరు చదవాలంటే 1,200 సార్లు చదవాలి. 60 మంది పంచుకుంటే మనిషికి 20. ఒక్కోదానికి పావుగంట చొప్పున మొత్తం అయిదు గంటలు. ఒక ఆదివారం. దేశమంతా ఉన్న సైకాలజీ శాఖల నుంచి 60 మంది అధ్యాపకులు, సీనియర్ పరిశోధకులు ఒక ఆదివారం ఇవ్వలేరని నేను నమ్మను. పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉన్న వాళ్లకు శిక్షణ ఇచ్చి, అనుభవజ్ఞుల పక్కన కూర్చోబెట్టి చదివించండి. రేపు ఈ పని చేయాల్సిన వాళ్లు వాళ్లే. విద్యార్థులకు తమదైన గొంతు కూడా ఇవ్వండి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌లో 1988 నుంచి గ్రాడ్యుయేట్ విద్యార్థులకు సొంత విభాగం ఉంది. మీ కార్యక్రమ కమిటీల్లో విద్యార్థి ప్రతినిధులకు ఒకటి రెండు స్థానాలు ఇవ్వడానికి ఏ చట్టమూ అడ్డురాదు.

ఇలా గట్టిగా చదవడం మొదలుపెడితే తిరిగి వచ్చే ప్రతిపాదనలు పెరుగుతాయి. మా పిల్లలవీ పెరుగుతాయి. అందుకు సిద్ధపడే అడుగుతున్నాను. కారణంతో వచ్చిన తిరస్కారాన్ని తీసుకుని విద్యార్థితో కూర్చోవడం గైడ్‌గా నా పని. సర్టిఫికెట్ కోసం పంపవద్దని చెప్పడం, ఇతరుల అబ్‌స్ట్రాక్టును మార్చి రాస్తే ఆపడం, ప్రశ్న పుట్టేదాకా ఓపిక పట్టించడం మా శాఖల పని. విద్యార్థులకు కూడా ఇక్కడే ఒక మాట. మీ ఊరి ప్రశ్న చిన్నదని సిగ్గుపడకండి. దాన్ని స్పష్టంగా రాయండి, ఎంతమందిని అడిగారో నిజం రాయండి, తేడా రాకపోతే రాలేదనే రాయండి.

పెద్దలారా, రాబోయే ఆహ్వాన ప్రకటనలో ఒక్క వాక్యం చేర్చండి. ‘ప్రతి విద్యార్థి ప్రతిపాదననూ పేర్లు చూడకుండా ఇద్దరు చదువుతారు, నిర్ణయంతో పాటు కారణం పంపుతాం’ అని. అన్నీ ఒకేసారి మార్చలేకపోతే ఈ ఏడాది ఇదొక్కటి చేయండి. చదివే వాళ్లు చాలకపోతే మా అధ్యాపకులను అడగండి. నా వంతు 20 ప్రతిపాదనలు పంపండి, కారణాలతో సహా గడువులోగా తిప్పి పంపుతాను.

ఇట్లు,
పీజీ విద్యార్థులకు సైకాలజీ చెప్పే ఒక అధ్యాపకురాలు